మందుపాతరలు - వానిని వెదకి తీయు విద్య

పాతర యను మాట మన యిండ్లలో పుట్టినది. పంట బాగుగా పండిన యేట గోయి త్రవ్వి, అడుగున గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి, కరవునాటికి దాచుకొనుట మన పెద్దల ఆచారము. ఆ పాతర యెక్కడ నున్నదో ఇంటి యజమానికిని ఇల్లాలికిని తెలిసియుండెడిది. తెలిసినవారు చెప్పకయే కన్ను మూసినచో గింజలు మట్టిపాలగును. అంతకు మించిన కీడు లేదు. యుద్ధము చేయువారికిని ఒక పాతర గలదు. దానిలో జొన్నలకు బదులు మందు పోయుదురు. మందుపాతర యనునది అదియే. దాని తావు తెలిసినవాడు చెప్పక పోయినచో పోవునవి గింజలు కావు. కాళ్లును, కన్నులును, ప్రాణములును.

ఈ పాతరలను, పేలక మిగిలిన బాంబులను, ఫిరంగి గుండ్లను వెదకి, గుర్తు పెట్టి, తొలగించు పని సైన్యములోని ఇంజనీర్లది. వీరికి శాపర్లని పేరు. సేన ముందునకు సాగునపుడు దారి వేయువారును, వంతెన కట్టువారును, శత్రువు పాతిన పాతరలను తీయువారును వీరే. మన దక్షిణదేశపు శాపర్ల పటాలము 1780లో పుట్టినది. మద్రాసు ఇంజనీరు గ్రూపను పేర నేడది బెంగుళూరు కేంద్రముగా నున్నది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ సీమల యువకులు తరతరములుగా దానిలో చేరుచు వచ్చిరి.

యుద్ధవిద్యలోని ఈ శాఖతో గృహిణులకు పనియేమని కొందరడుగవచ్చును. మా సమాధానమిది. యుద్ధము ముగిసిన పిదప ఆ నేలపై నడచువారు సైనికులు కారు. కట్టెలకు, నీళ్లకు, కలుపుతీతకు పోవు స్త్రీలును, పశువులవెంట పోవు పిల్లలును మొదట అక్కడ అడుగు పెట్టుదురు. కావున ఈ విద్యలోని సారమును మనమును తెలిసికొనవలసియున్నది. ఆ సారము సాహసము కాదని మా యభిప్రాయము. జ్ఞాపకముంచుకొనుట, వ్రాసి పెట్టుట, ఎదుటివానికి చెప్పుట - ఈ మూడును సాహసముకంటె ఎక్కువ ప్రాణములను కాపాడినవి.

మన ముంగిట జరిగినది

వికారాబాదనగానే అనంతగిరి చల్లగాలియు, తాండూరనగానే నీలిబండలును కందిపప్పును మనకు స్ఫురించును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఇట్టి సీమకును మందుపాతరలకును సంబంధమేమి? వికారాబాదు స్టేషనులో బీదరువైపు పోవు రైలెక్కినచో దారిలో జహీరాబాదు తగులును. 1948 సెప్టెంబరులో ఆ జహీరాబాదు దారినే మందుపాతరలు సేనను ఆపినవి.

హైదరాబాదు సంస్థానమును భారతదేశములో కలుపుటకై జరిగిన ఆ సైనికచర్యను జనులు నేటికిని పోలీసు చర్య యందురు. సెప్టెంబరు 13వ తేదీన పడమట షోలాపురమునుండియు, తూర్పున బెజవాడనుండియు భారతసేనలు సంస్థానములో ప్రవేశించినవి. పడమటి సేనకు మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి నాయకుడు. 16వ తేదీ వేకువను ఒక దళము జహీరాబాదునకు బయలుదేరెను. దారిలో మందుపాతరలు పాతిన తావు అడ్డము వచ్చెను. బండ్లును, తుపాకులును, మనుష్యులును ఎంత ఉన్నను అక్కడ నిలువక తప్పలేదు. పాతరలను తీసి దారి చేసినగాని ముందడుగు పడలేదు. ఆ పని యైన తరువాతనే దళము సాగి, రాత్రికి జహీరాబాదు దాటి పోగలిగెను. మరునాడు, 17వ తేదీన, నిజాము యుద్ధవిరమణను ప్రకటించెను.

తూర్పు మార్గమున జరిగినదియు వికారాబాదువారికి పరాయి కథ కాదు. అనంతగిరిలో పుట్టిన మూసీ హైదరాబాదు నగరము మీదుగా ప్రవహించి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. సూర్యాపేట దగ్గర ఆ మూసీమీది వంతెనను, వెనుకకు మరలుచున్న సంస్థానపు సైనికులు పేల్చివేసిరి. కాని దానిని బాగుచేయువారిని అడ్డగించుటకు అక్కడ తుపాకుల నుంచలేదు. అందుచే భారతసేన ఇంజనీర్లు త్వరలోనే వంతెనను బాగుచేసి సేనను దాటించిరి.

ఈ రెండు ఉదంతములను పక్కపక్కన నుంచి చూచినచో ఒక సంగతి తెలియును. పాతర పాతువాని ఉద్దేశము ఎల్లప్పుడును చంపుటయే కాదు. ఎదుటివాని కాలమును హరించుట. ఒక పూట, ఒక దినము ఆగిన చాలునని వాడు పాతును. వాని యవసరము ఆ పూటతో తీరిపోవును. పాతర అవసరము మాత్రము తీరదు. అది సంధిపత్రమును చదువనేరదు. తీయనిచో ఏండ్ల తరబడి అట్లే కాచుకొని యుండును. జహీరాబాదు దారిలో అది మన దేశపు దండయాత్రను కొన్ని గంటలు మాత్రమే ఆపినది. లోకములో అనేక దేశములలో రెండు మూడు తరముల బ్రతుకును ఆపినది.

పాతర స్వభావము

మందుపాతరలు ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది బండ్లకొరకు పాతునది. నూరు కిలోలకు మించిన బరువు మీద పడినగాని అది సాధారణముగా పేలదు. దానిమీద మనిషి నడచి పోవచ్చును. వెనుక వచ్చు లారీ మాత్రము తునియలగును. రెండవది మనుష్యులకొరకు పాతునది. దీనిలో కొన్ని అయిదు మొదలు పదునైదు కిలోల ఒత్తిడికే పేలును. అనగా బడికి పోవు బిడ్డ అడుగు చాలును. ఇది పిడికిలిలో పట్టునంత చిన్నదిగా కూడ ఉండవచ్చును. చంపుటకంటె కాలు తీసివేయుటకే దీనిని ఎక్కువగా కల్పించిరి. ఏలయన, చనిపోయినవానిని విడిచి సేన సాగును. కాలు పోయినవానిని మోయుటకు ఇద్దరు కావలయును. మనుష్యులు ఎంత లెక్క చూచుకొని క్రూరులు కాగలరో దీనివలన తెలియుచున్నది.

మూడవ అపాయము పాతినది కాదు, పడినది. వేసిన బాంబులన్నియు పేలవు. అమెరికా విమానములు 1964 మొదలు 1973 వరకు లావోసు దేశముపై ఇరువది లక్షల టన్నులకు మించి బాంబులు విడిచినవి. పెద్ద బాంబు విడిపోయి చల్లిన చిన్న బంతులవంటి బాంబులు వానిలో కోట్లకొలది. వానిలో నూటికి ముప్పది వరకు పేలక మిగిలినవని అంచనా. అర్ధశతాబ్దము గడచినను అక్కడి తల్లులు నేటికిని, బంతి దొరికినచో ముట్టవలదని బిడ్డలకు నేర్పుచున్నారు.

వెదకు విధము

పాతరను వెదకు పని నేలమీద ప్రారంభము కాదు, కాగితముమీద ప్రారంభమగును. ఇంజనీరు మొదట పాత పటములు చూచును. ఏ సేన ఎక్కడ నిలిచినది, ఏ దారి ఎవరికి ముఖ్యము, ఏ వంతెనకు ఎవరు కాపలా యుండిరి అని విచారించును. తరువాత ఊరివారిని అడుగును. ఎవరి గేదె ఎక్కడ చచ్చినది, ఎవరి కాలు ఎక్కడ పోయినది, జనులు ఏ డొంకను విడిచి చుట్టుదారిని పోవుచున్నారు అను సంగతులు ఊరి స్త్రీలకు తెలిసినంతగా మరి యెవరికిని తెలియవు. నీళ్ల రేవునకును అడవికిని నిత్యము పోవువారు వారే గదా! అందుచేత ఈ పని చేయు సంస్థలు నేడు స్త్రీలను వేరుగా కూర్చుండబెట్టి, స్త్రీలచేతనే ప్రశ్నలడిగించుచున్నవి.

ఇట్లు విచారించి, అనుమానమున్న తావునకు హద్దులు వేసి, ఎఱ్ఱని గుర్తులు పాతుదురు. హద్దు వేయుటయే సగము రక్షణ. ఒక్క పాతరను తీయకున్నను, జనులు ఆ తావు దరికి పోకుండ చేసినచో అపాయము ఆ క్షణమునుండియే తగ్గును. మరియొక వైపున, పాతరలు లేవని తేలిన భూమిని హద్దునుండి విడిపించి రైతునకు ఇచ్చివేయుదురు. అనుమానముచేత బీడు పడిన పొలము కూడ యుద్ధము తెచ్చిన నష్టమే.

తరువాత సైనికుడు మెటల్ డిటెక్టరు పట్టుకొని ఇరుకైన దారిలో అడుగడుగు పోవును. ఈ యంత్రములోని తీగచుట్ట విద్యుత్తుచే అయస్కాంతశక్తిని నేలలోనికి పంపును. అడుగున లోహమున్నచో దానిలో ఒక ప్రతిస్పందన పుట్టి యంత్రము మ్రోగును. మనుష్యుడు చేతబట్టి నడువదగిన మంచి యంత్రమును 1941లో యోసెఫ్ కోసాట్స్కి యను పోలండు దేశపు సైనికోద్యోగి స్కాట్లండులో నిర్మించెను. హక్కుపత్రము తీసికొనక దానిని బ్రిటిషు సైన్యమునకు ఉచితముగా ఇచ్చెను. 1942 అక్టోబరులో ఈజిప్టులోని ఎల్ అలమీను ఎడారియందు జర్మనులు పాతిన లక్షలకొలది పాతరల నడుమ దారి తీయుటకు అది ఉపకరించెను.

యంత్రము మ్రోగిన చోటనెల్ల పాతర యుండదు. మేకు, డబ్బామూత, తుపాకిగుండు ముక్క - అన్నియు మ్రోగును. ఒక్క పాతర దొరకునప్పటికి వందలకొలది ఇనుపతునకలు దొరకవచ్చును. ప్రతి తునకను పాతరయే యనుకొని తీయవలయును. మోకాళ్లపై వంగి, సన్నని ఊచను నేలలోనికి ఏటవాలుగా, ముప్పది డిగ్రీలకు మించని వాలుతో గ్రుచ్చుదురు. నిలువుగా గ్రుచ్చినచో ఊచ పాతర నెత్తిమీద తగిలి పేలును. వాలుగా గ్రుచ్చినచో ప్రక్కను తగులును. తగిలినదని తెలిసిన పిదప ప్రక్కనుండి మట్టిని చిటికెడు చిటికెడుగా తీయుదురు. కందిపప్పులో రాళ్లేరు ఓర్పు ఎట్టిదో మన సోదరీమణులెరుగుదురు. పప్పులో ఒక రాయి మిగిలినచో పంటికి తగులును. ఇక్కడ మిగిలినచో ప్రాణమునకు తగులును. ఇంతే భేదము.

దొరికిన పాతరను ఇంటికి తెచ్చుకొను విజయచిహ్నముగా నెవరును భావింపరు. చాలవరకు దానిని కదల్పకయే, ప్రక్కన మరికొంత మందు పెట్టి, దూరమునకు పోయి, ఉన్నచోటనే పేల్చివేయుదురు. విశాలమైన బయళ్లలో, ముందు భాగమున గొలుసులతో నేలను కొట్టుచు పోవు కవచయంత్రములను, ట్యాంకులకు కట్టిన నాగళ్లను, దొర్లుచక్రములను వాడుదురు. యుద్ధసమయమున సేన పోవుటకు ఇట్టి దారి చాలును. బిడ్డలు ఆడుకొను నేలకు అది చాలదు. అక్కడ మరల మనిషి చేతితో చూడవలసినదే.

ఇంతటి యంత్రయుగములోను జంతువుల సాయము తప్పలేదు. కుక్కలు మందు వాసనను పసిగట్టును. ఆఫ్రికాలోని పెద్ద ఎలుకలకు కూడ ఈ విద్య నేర్పినవారున్నారు. మగావా యను ఎలుక కంబోడియాలో 71 మందుపాతరలను, 38 పేలని గుండ్లను కనిపెట్టెను. 2020లో దానికి ఇంగ్లండులోని జంతుసంక్షేమసంఘము బంగారు పతకమిచ్చినది. దేహము తేలికయగుటచే అది పాతరమీదుగా పరుగెత్తినను పాతర పేలదు. ఇనుముతో దానికి పనిలేదు. మందు వాసనయే దానికి గురుతు. వినాయకుని వాహనము ఇట్లు లోకోపకారము చేయుట చూచి సంతోషింపని వారెవరు?

నేలనుబట్టి పని మారును. వికారాబాదు ప్రాంతమున, అనంతగిరి కొండలపైన, ఇనుపధాతువు గల ఎఱ్ఱని ముఱ్ఱనేల యున్నది. ఇట్టి నేలలో డిటెక్టరు ఏమియు లేనిచోట కూడ మ్రోగును. నిజముగా నున్నదానిని కప్పిపుచ్చును. ప్రపంచములో ముఱ్ఱనేలలున్న ప్రతి యుద్ధరంగములోను ఈ కష్టము కలిగినది. తాండూరువైపు పోయినచో అడుగున సున్నపురాయి; అది యంత్రమును అంతగా బాధింపదు. పైనున్న నల్లరేగడి మాత్రము వానలో ఉబ్బి, ఎండలో నెఱ్ఱెలు విచ్చి, తనలోనున్న వస్తువును పైకిని ప్రక్కకును కదల్చును. ఒక్క జిల్లాలోనే ఇంత భేదమున్నపుడు, ఒక దేశములో నేర్చినవాడు మరియొక దేశమునకు పోయి అక్కడి మట్టిని మరల చదువుకొనవలసినదే యని వేరుగా చెప్పనక్కరలేదు.

రాతిగనుల పాఠము

పేలనిదానితో ఎట్లు మెలగవలయునో తాండూరు సీమలోని గనిపనివారిని అడిగినను చెప్పగలరు. ఇండ్లలో పరచుకొను పలకబండలు పగులకూడదు గనుక వానిని సాధారణముగా గడ్డపారలతోను, సుత్తులతోను, కోతయంత్రములతోను తీయుదురు. కరన్‌కోట మొదలగుచోట్ల నున్న సిమెంటు కర్మాగారములకు కావలసిన సున్నపురాతిని తీయుటకు మాత్రము రంధ్రములు తొలిచి తూటాలు పెట్టి పేల్చుదురు. అప్పుడప్పుడు ఒక తూటా పేలక లోపల నిలిచిపోవును.

అప్పుడు గనిచట్టము చెప్పు నియమములు చాల ముఖ్యమైనవి. వెంటనే దగ్గరకు పోరాదు; నియమించిన కాలము వేచియుండవలయును. ఆ తావునకు అడ్డు కట్టవలయును. పేలని తూటాను లాగరాదు, త్రవ్వి తీయరాదు. దానికి కొంత ఎడముగా, సమాంతరముగా మరియొక రంధ్రము తొలిచి, దానిని పేల్చి, మొదటిదానిని కూడ నశింపజేయవలయును. అంతలో పని మారు వేళ వచ్చినచో, తరువాత వచ్చు మేస్త్రీకి ఆ సంగతిని వ్రాతమూలముగా తెలిపి పోవలయును.

ఆగుట, అడ్డు కట్టుట, ముట్టకుండుట, వ్రాసి చెప్పుట - సైనిక ఇంజనీరు చేయునదియు ఈ నాలుగే. గనిలో ఒక తూటా. యుద్ధభూమిలో లక్ష పాతరలు. పరిమాణమే వేరు, ధర్మమొక్కటే. ఈ నాలుగింటిలో తరచుగా తప్పిపోవునది కడపటిది. చేసినవానికి తెలిసినది తరువాతివానికి తెలియకపోవుటయే అనేక మరణములకు కారణము.

ఇద్దరు వీరులు

ఈ విద్యలో మనదేశపువారు చూపిన శౌర్యమును చెప్పకుండుట న్యాయము కాదు. బొంబాయి శాపర్ల దళమునకు చెందిన ప్రేమీంద్రసింగ్ భగత్ యను యువ అధికారి 1941లో అబిసీనియా రంగమున, జనవరి 31 మొదలు ఫిబ్రవరి 4 వరకు, వెనుకకు పోవు ఇటలీ సేన పాతిపోయిన పాతరలను తీయుచు ముందు నడచెను. తొంబదియారు గంటలలో ఏబదియైదు మైళ్ల దారిలో పదునైదు పాతరక్షేత్రములను తొలగించెను. తానెక్కిన బండి రెండు పర్యాయములు పేలిపోయెను, కర్ణభేరి పగిలెను, అయినను విశ్రాంతి తీసికొనుటకు ఒప్పుకొనలేదు. ఆయనకు విక్టోరియా క్రాసు లభించినది. తరువాతి కాలమున స్వతంత్రభారతసైన్యములో లెఫ్టినెంటు జనరల్ పదవిని పొందెను.

రెండవవాడు మన మద్రాసు శాపర్లలోని సుబేదారు సుబ్రహ్మణ్యము. 1944 ఫిబ్రవరి 24వ తేదీన ఇటలీలో మిగ్నానో దగ్గర పాతరలు తీయు దళముతో నుండగా, ఒక సైనికుని కాలిక్రింద పాతర కదలెను. అది పేలుటకు కొన్ని క్షణములు పట్టు జాతిది. పారిపోవుటకును, నేలపై పడుకొనుటకును ఆ క్షణములు చాలును. సుబ్రహ్మణ్యము అట్లు చేయక, తన శరీరమును ఆ పాతరమీద పడవైచి, ప్రక్కనున్నవారిని కాపాడి, తాను ప్రాణము విడిచెను. మరణానంతరము ఆయనకు జార్జి క్రాసు నిచ్చిరి.

ఇట్టి త్యాగమునకు చేతులు జోడింపని వారుండరు. కాని ఇంజనీర్ల విద్య యంతయు ఇట్టి త్యాగము అవసరము కాకుండ చేయుటకే ఏర్పడినది. ఆ దినమున వారి చేతిలో పాతినవాని పటమున్నచో సుబేదారు సుబ్రహ్మణ్యము ఇంటికి తిరిగి వచ్చియుండెడివాడు. వీరుని కీర్తించి, పటమును మరచుట వీరునికి మేలు చేయుట కాదు.

లెక్కల పుస్తకము

కావుననే అంతర్జాతీయ ధర్మములో కూడ వ్రాతకు గొప్ప స్థానమున్నది. 1996లో సవరించిన ఒక ఒడంబడిక ప్రకారము పాతరలు పాతిన సేన వాని తావులను పటములలో వ్రాసి యుంచవలయును, కంచె వేసి గుర్తులు పెట్టవలయును, యుద్ధానంతరము తొలగించవలయును. కనీసము ఎనిమిది గ్రాముల ఇనుమునకు సమానముగా డిటెక్టరుకు తెలియని మనుష్యఘాతక పాతరను వాడరాదు. భారతదేశము దీనికి కట్టుబడినది. 1997లో మరియొక ఒడంబడిక పుట్టినది. మనుష్యులపై పాతు పాతరలను అది పూర్తిగా నిషేధించును. 1999 మార్చి 1న అమలులోనికి వచ్చిన ఆ ఒడంబడికలో భారతదేశము చేరలేదు. ఆ నిషేధమునకై పాటుపడిన అంతర్జాతీయ ఉద్యమమునకును, దానిని నడిపిన జోడీ విలియమ్స్ అను మహిళకును 1997లో నోబెలు శాంతిబహుమానము లభించినది.

పటమున్నను కష్టము పూర్తిగా తీరదని మన దేశపు అనుభవమే చెప్పుచున్నది. 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి జరిగిన తరువాత సేనలు పశ్చిమపు సరిహద్దునకు కదలినవి. జమ్ము, పంజాబు, రాజస్థాను సీమలలో రైతుల పొలములందే పాతరలు పాతవలసివచ్చినది. సేనలు మరలిన పిదప మన ఇంజనీర్లే వానిని తీయ మొదలిడిరి. తాము పాతినవే యైనను, తమ చేతిలో లెక్క యున్నను, ఇసుక కదలుటచేతను, వాననీటి ప్రవాహముచేతను కొన్ని తావు తప్పినవి. పాతుటలోను తీయుటలోను సైనికులు ప్రాణములు గోల్పోయిరి, గ్రామస్థులును గాయపడిరి. పంట లేని కాలములెన్నియో గడచినవి. లెక్క యున్నచోటనే ఇట్లున్నపుడు లెక్కయే లేనిచోట ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఇప్పుడు దేశదేశముల లెక్కలనొకచోట కూర్చుటకు జెనీవాలోని సంస్థవారు ఒక సమాచారపద్ధతిని ఏర్పరచినారు. 1999లో కొసోవోలో దానిని మొదట వాడిరి. ఎక్కడ అనుమానము, ఎక్కడ నిశ్చయము, ఎక్కడ తొలగించిరి, ఎవరికి ఏ ప్రమాదము జరిగినది అను సంగతులన్నియు పటముమీద ఎక్కించుదురు. ఇల్లాలి పద్దుపుస్తకమునకును దీనికిని గుణములో భేదము లేదు. వ్రాయని పద్దు మరచిన పద్దు; మరచిన పాతర బ్రతికియున్న పాతర.

స్త్రీల చేతులలో

ఈ పనికి స్త్రీలు తగరని ఒకప్పుడు తలచెడివారు. మన పొరుగున నున్న సింహళద్వీపము ఈ తలంపును త్రోసివేసినది. అక్కడి యుద్ధము 2009 మే నెలలో ముగిసిన తరువాత, ఉత్తరభాగమున పాతరలు తీయు సంస్థలలో చేరిన తమిళస్త్రీలు పెక్కుమంది. యుద్ధములో భర్తలను గోల్పోయి, బిడ్డలను పోషించుకొనవలసినవారు కూడ వారిలో నున్నారు. ముఖమునకు కవచము తొడిగికొని, మండుటెండలో మోకాళ్లపై వంగి, దినమునకు కొన్ని గజముల నేలను మాత్రమే శుద్ధిచేయుదురు. తాము వెలువడిన ఊళ్లకు తామే దారి వేసికొనుట ఎంతటి సంతృప్తి! లావోసులోను కంబోడియాలోను ఇట్టి స్త్రీల దళములున్నవి.

మన యింటిలో

తాండూరు, వికారాబాదు పల్లెలలో నేడు యుద్ధభయము లేదు. కాని తెలుగుదేశమంతయు అట్లే యని చెప్పజాలము. తెలంగాణపు ఈశాన్యసరిహద్దున, ములుగు జిల్లా అంచుననున్న కర్రెగుట్టలలో బాంబులు అమర్చితిమని, ఆవైపు రావలదని 2025 ఏప్రిలులో మావోయిస్టులు గ్రామస్థులకు ప్రకటించిరి. ఇట్టి పాతరలకు పటము లేదు, కంచె లేదు. కట్టెలకును వెదురునకును పోవు బీదలు ఆ మన్యమున కాళ్లును ప్రాణములును గోల్పోయిన ఉదంతములు కలవు. అదే సంవత్సరము మే నెలలో పాకిస్థానుతో కాల్పులు ఆగిన తరువాత, పూంఛ్, రాజౌరీ సీమలలో పేలక పడియున్న గుండ్లను సైనిక ఇంజనీర్లు వెదకి నాశనము చేసిరి. అక్కడి తల్లులకు చెప్పిన మాటలే మన తల్లులకును పనికివచ్చును.

మొదటిది: తెలియని లోహపు వస్తువును ముట్టరాదు, తన్నరాదు, రాయి విసరరాదు, పాత ఇనుమువానికి అమ్ముటకై తేరాదు. తుప్పు పట్టినదానికి శక్తి పోయినదనుకొనుట పొరపాటు. తుప్పుచే అది మరింత చపలమగును. రెండవది: వచ్చిన దారినే, వచ్చిన అడుగులలోనే వెనుకకు మరలవలయును. మూడవది: దూరమునుండియే గుర్తు తెలియునట్లు చేసి, పెద్దలకును పోలీసులకును చెప్పవలయును, 112 అను సంఖ్యకు ఫోను చేసినను చాలును. రాతిగనుల ప్రక్కనున్న పల్లెలలో, సన్నని లోహపు గొట్టమునకు రెండు రంగుతీగలు వ్రేలాడుచుండినచో అది ఆటవస్తువు కాదు, తూటాను పేల్చు డిటొనేటరు కావచ్చునని బిడ్డలకు తప్పక చెప్పవలయును. దానిని బిడ్డ పండ్లతో కొరికినను, నిప్పులో వేసినను వ్రేళ్లును కన్నులును పోవును.

చెప్పుటలో ఒక విధమున్నది. భయపెట్టి ఊరకుండినచో బిడ్డకు కుతూహలము పెరుగును. దొరికినదానిని దాచిన బిడ్డను కొట్టినచో, రెండవమారు దొరికినదానిని మరింత లోతుగా దాచును. వచ్చి చెప్పిన బిడ్డను మెచ్చుకొనవలయును. చెప్పినవానిని మెచ్చుకొను ఇంటిలో రహస్యములు పాతబడవు.

పాతర పాతుటకు అయ్యెడి వ్యయము అతిస్వల్పము. మూడు డాలర్లకు కూడ ఒకటి దొరకునని, దానిని తీయుటకు మాత్రము మూడు వందలు మొదలు వేయి డాలర్ల వరకు వ్యయమగునని ఐక్యరాజ్యసమితివారు ఒకప్పుడు అంచనా వేసిరి. పాతుటకు పట్టు కాలము నిమిషములు; తీయుటకు తరములు. ఇట్టి లోకములో మన శాపర్లు మోకాళ్లపై నడచి నేలను తిరిగి నేలగా చేయుచున్నారు. వారి పనిలో సగము యంత్రములది, సగము మాటది. ఆ రెండవ సగము మన చేతిలోను ఉన్నది. ధాన్యపు పాతర తావును మన అవ్వలు తమ తరువాతివారికి చెప్పి పోయినట్లే, అపాయమున్న తావును తెలిసినవారు తెలియనివారికి చెప్పవలయును. అట్లు చెప్పు అలవాటు ఇంటిలోనే ప్రారంభము కావలయునని మేము సోదరీమణులకు మనవి చేయుచున్నాము.